ఆకు రాలని దేశంలో రత్నమ్మ వదిన

మా వదిన రత్నమ్మ ఇక లేదు. కువైట్‌లో, ఫింటాస్‌లోని మా ఇంట్లో, గుమ్మం పక్కన తాను పరిచిన ఎండుటాకుల దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, పొద్దున టీ నీళ్లు కాగేలోపు కన్నుమూసింది. "కాగినాయా?" అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోగా వెళ్లిపోయింది. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు ఆమెకు మొదటినుంచీ లేదు.

ఒక దేశం దేశమే కాకుండా పోయిన ఈ దుర్దినాల్లో ఒక ఇల్లాలి మరణం వార్త కాదని నాకు తెలుసు. రేడియో చెప్పదు. చెప్పినా మా దగ్గర రేడియో లేదు, దాని సంగతి ముందు వస్తుంది. మీలో అమ్మాన్ దాటి ఊళ్లకు చేరినవాళ్లూ, ఇంకా ఇక్కడే రొట్టెల క్యూలో నిలబడుతున్నవాళ్లూ చాలామంది ఆమె చేతి చారు తాగినవాళ్లే. మీకు ఆమెను మళ్లీ ఒకసారి చూపించాలని, ఎవరు సరిహద్దు దాటితే వారి చేతికి ఇవ్వాలని ఈ కాగితాలు రాస్తున్నాను.

ఆమెది రాజంపేట పక్క పల్లె. మా అన్నను పెళ్లాడి, ఆయన వెంట కువైట్ వచ్చి, ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట పనికి కుదిరింది. ఆ ఇంటి వెనక రెండు గదుల్లో మా కాపురం. అన్న వఫ్రా తోటల్లో కూరగాయల లారీ నడిపేవాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. బీకాం చదివి షుఐబా రేవులో స్టోర్ కీపర్‌గా చేరిన నేను వాళ్ల దగ్గరే తిని, వాళ్లకే సలహాలు చెప్పేవాణ్ణి. వదిన నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భం నాకు గుర్తులేదు. "ఏం బీకామూ" అనేది. పట్టభద్రుడికి దక్కాల్సిన గౌరవం ఆ పిలుపులో ఎంత ఉండాలో అంతే ఉండేది.

ఆ ఇంటి యజమానురాలిని మనవాళ్లందరిలాగే మేమూ మామా, అంటే అరబ్బీలో అమ్మ, అనేవాళ్లం. విదేశీ పత్రికలు చూసి ఆమెకొక సరదా పుట్టింది. ప్రతి ఏడూ ఎండలు తగ్గుముఖం పట్టగానే హాలునంతా శరత్కాల శోభతో అలంకరించాలి. ఎర్రని ఆకులు, పసుపుపచ్చని ఆకులు, బుట్టల్లో కాయలు, కిటికీలో గుమ్మడికాయ, చుట్టూ కొవ్వొత్తులు. ఆకు రాలే చెట్టే కనపడని ఈ దేశంలో ఆకురాలు కాలాన్ని అంగట్లో ప్లాస్టిక్ రూపంలో కొనాల్సి వచ్చేది. మొదటి ఏడు ఆ పెట్టెలు విప్పుతూ వదిన అన్న మాట మా వీధిలో చాలాకాలం తిరిగింది.

"మనం పొద్దన్నే ఊడ్చి పారేసేది వీళ్లు దుడ్లిచ్చి కొనుక్కోని నట్టింట్లో పరుస్తారు సూడు. మీ అన్నకు చెప్పకు, ఊర్లో ఉండే చెత్తంతా ఓడకెక్కించి తెస్తాడు."

ఎగతాళి చేసింది కానీ పనిలో మాత్రం ప్రాణం పెట్టింది. రెండో ఏటికే ప్లాస్టిక్ ఆకులు అటక మీదికి పోయాయి. వాటి స్థానంలో ఎండిన ఖర్జూరపు మట్టలు, రేగాకులు, దానిమ్మ తొక్కలు, సముద్రపు గవ్వలు వచ్చాయి. ఉల్లిపొట్టు ఉడికించి పాతగుడ్డలకు రంగు వేసి దిండ్లకు తొడిగింది. గుమ్మడికాయ మాత్రం అన్న పూచీ. వఫ్రా నుంచి ఏటా ఒకటి లారీ ముందుసీటులో, తన పక్కన, ప్రయాణికుడిలా కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. మామా స్నేహితురాళ్లు వచ్చి ఆ హాలు చూసి ముచ్చటపడి వెళ్లేవారు. వదిన తలుపు చాటునుంచి వాళ్ల ముఖాలు చూసేది. దాన్నే ఆమె జీతం అనుకునేది, అసలు జీతం ఆలస్యమైన నెలల్లో మరీను.

ఇరాక్ సైన్యం దిగిన ఉదయం మామా కుటుంబం కార్లలో దక్షిణానికి పోయింది. తాళాలు వదిన చేతిలో పెట్టి మామా ఏడ్చింది. అన్న ఆ వేళ వఫ్రాలో ఉన్నాడు. ఆ దారంతా సైన్యం నిండిపోయింది. బస్సు లేదు, ఫోను లేదు, కబురు లేదు. పెద్దింటిని నాలుగు రోజుల్లో దోచేశారు. మా రెండు గదుల్లో దోచుకోవడానికి తగినంత లేకపోవడం మా అదృష్టం. పేదరికం అంతగా ఎప్పుడూ కలిసిరాలేదు.

ఎండలు తగ్గాయి. ఒకరోజు నేను రొట్టెల క్యూలోంచి వచ్చేసరికి వదిన నేలమీద కూర్చుని ఖర్జూరపు మట్టలు చీలుస్తోంది.

"ఏంది వదినా ఇది?"

"ఆకులు పరిచే కాలం వచ్చె కదా."

"మామా లేదు. హాలు లేదు. చూసేదెవరు?"

"మీ అన్న. ఇన్నేండ్లు వాళ్లింట్లో సేసినా. ఆయప్ప ఒక్కసారి కూడా లోపలికొచ్చి సూడల్యా, వాకిట్లో గుమ్మడికాయ ఇచ్చి పోయినాడు. ఈసారి మనింట్లో సేస్తాండా. దావలో వచ్చేటోనికి ఇల్లు ఇల్లు మాదిరి కనపడాల. బీకామూ, ఆ కత్తెర ఇట్లియ్యి."

అట్లా మొదలైంది. గుమ్మానికి వేపాకు తోరణం. తలుపు పక్క రేగాకులు, వాటి మీద గవ్వలు. తన పాత చీరలు కలిపి కుట్టిన బొంత గోడకు, చలిగాలి దూరకుండా. కరెంటు పోయినప్పుడు నూనెదీపం, చుట్టూ దానిమ్మ తొక్కలు. కిటికీలో చుట్టూ ఎండుగడ్డి పేర్చి, నడుమ గుండ్రంగా ఖాళీ వదిలింది. అది గుమ్మడికాయ చోటు. ఆ చోట నేను ఒకసారి టీ గ్లాసు పెట్టాను. మళ్లీ పెట్టలేదు.

ఆ రోజుల్లోనే కబురు వచ్చింది. నేను ఇంట్లో లేను. వఫ్రా ఫారంలో, అంటే తోటలో, అన్నతో పనిచేసే గంగారాం అనే నిజామాబాద్ మనిషి, బస్రా వెళ్లే బస్సు వీధి చివర ఆగి ఉంటే పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. "అమ్మా, అన్న ఖలాస్ అయిండు. ఫారమంత ఖలాస్. బస్సు ఇడ్సిపోతది, నేనొస్త" అని, వచ్చినంత వేగంగా పోయాడట. అప్పుడు వదిన పక్కన ఉన్నది మా వీధి రాయచోటి సుబ్బమ్మ ఒక్కతే. నేను వీధి మలుపు తిరిగేసరికి సుబ్బమ్మ శోకాలు వినిపించాయి.

"ఓ రత్నక్కా, నీ కొంప కూలిపాయ కదే!"

వదిన మామూలుగా నిలబడి ఉంది. "కొంప ఈడనే ఉండాది, కండ్లు కనపళ్లేదా? గాజుల మింద చెయ్యి తియ్యి సుబ్బమ్మా. అంత ఏడుపొస్తాంటే నీ మొగుని కోసరం ఏడువు. ఆయప్పకు బాగుండి నీకు జాబు రాయకుండా ఉండాడు."

ఖలాస్. ఇక్కడ దిగిన ప్రతి తెలుగువాడూ నేర్చే మొదటి మాట. అన్నం అయిపోతే ఖలాస్, డ్యూటీ దిగితే ఖలాస్, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, ఇఖామా, గడువు తీరితే ఖలాస్. మనిషి పోయినా ఖలాసే. వాళ్లదీ గంగారాం యాసే కదా అని, నేను పక్కవీధిలో ఉన్న కరీంనగర్ వాళ్ల గదికి పరుగెత్తి అడిగాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పని ఖలాస్ అంటే పనే సారూ. మనిషి ఖలాస్ అయిండు అంటె... గదేందో మీకు ఎరుకే కద" అని ఒకతను అన్నాడు. ఇంకొకతను "గట్లనేం లేదు. నా కఫీల్ సేటు నన్ను ఇడ్సిపెట్టిన నాడు నేనూ గట్లనే అన్న, ఖలాస్ అయిన అని" అన్నాడు. బీకాంలో ఆ పేపరు లేదు. నేను తిరిగి వచ్చాను.

వదిన అప్పటికే తీర్పు ఇచ్చేసింది. "ఫారమంతా ఖలాస్ అన్న్యాడు కదా? ఫారం సస్తాదా? లేదే. పని అయిపోయినాది. ఫారానికి ఒక అర్థం, మీ అన్నకొక అర్థం ఎట్లుంటాదిరా? ఒగే మాట, ఒగే నోరు. ఆయప్ప బయల్దేరినాడు."

ఆ తర్కంలో లోపం ఎక్కడుందో నేను వెతికాను. దొరకలేదు. దొరకాలనీ లేదు.

ఇండియన్లకు బస్సులు వెళుతున్నాయి. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణుంచి విమానం. సుబ్బమ్మ వెళ్లింది. కరీంనగర్ వాళ్లు వెళ్లారు. ప్రతి బస్సుకూ నేను వదినను బతిమాలాను. "ఆయప్ప వచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారు? ఇరాకోడా?" అనేది. "నువ్వు పో బీకామూ, నీకింకా పెండ్లి కావాల." వదినను ఒంటరిగా వదిలి నేను ఎక్కడికి పోను? ఆ మాట పైకి అనలేదు. రొట్టెల క్యూలో నా స్థానం పోతుందని చెప్పాను.

సైనికులు సోదాకు వచ్చిన రోజు గురించి చెప్పాలి. ఇద్దరు కుర్రాళ్లు, తుపాకులు వాళ్లకంటే బరువుగా ఉన్నాయి. పేరుకున్న ఆకులు, గడ్డి చూసి ఒకడు బూటుకాలితో చూపిస్తూ ఏమిటిదని అరిచాడు. కింద ఏదో దాచామని వాడి అనుమానం. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడి, తనకు వచ్చిన అరబ్బీలో "హాదా బైత్" అంది. ఇది ఇల్లు అని. మళ్లీ చెయ్యి చాపి ఆకులు, దీపం, బొంత, కిటికీలోని ఖాళీ చోటు అన్నీ చూపించి, "బైత్" అంది. వాడు కాసేపు చూశాడు. మా రేడియో తీసుకున్నాడు. ఆకులు తొక్కకుండా పక్కనుంచి దాటి వెళ్లాడు.

ఆమెకు చిన్నప్పటి నుంచి ఆయాసం. మందు పీల్చే పంపు నవంబరులో అయిపోయింది. ఆస్పత్రిలో మందులు లేవు, చివరికి మంచాలు కూడా లేవన్నారు. కింది వీధిలో ఉండే మలయాళీ నర్సు వచ్చి చూసి, ఇంట్లో దుమ్ము చూసి నెత్తి కొట్టుకుంది. "ఈ ఎండు చెత్త ముందు బయట పారేయండి. ఊపిరికి అదే విషం" అని నాకు హిందీలో చెప్పింది. నేను చీపురు తీశాను. వదిన మాట రాక ఆయాసపడుతూనే చీపురు కొస పట్టుకుంది.

"సెత్త కాదురా" అంది. కాసేపటికి ఊపిరి అందాక, "ఇది తీసేస్తే ఆయప్ప సచ్చినాడని నేనొప్పుకున్నట్టు" అంది.

మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ఆకుల మీద నేను రోజూ నీళ్లు చల్లాలి, దుమ్ము లేవకుండా. చల్లాను. నీళ్లు దొరకని రోజుల్లో క్యూలో రెండుసార్లు నిలబడ్డాను. అది చాలలేదు. ఏది చేస్తే సరిపోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఉదయం గురించి మొదట్లోనే చెప్పాను. మా వాళ్లలో పూడ్చడమే ఆచారం కాబట్టి ఆ ఒక్క విషయంలో పద్ధతి తప్పలేదు. ఆ మలయాళీ నర్సూ, నేనూ, ముక్కూముఖం తెలియని ఇద్దరు బెంగాలీ కూలీలూ మోశాం. గాజులతోనే, బొట్టుతోనే పంపాం. తప్పో ఒప్పో నిర్ణయించే పెద్దలు ఎవరూ అందుబాటులో లేరు. ఆమె మాటే చెల్లించాం.

తరువాతి శుక్రవారం తలుపు తట్టిన చప్పుడు. సైనికులైతే తట్టరు. తీశాను.

అన్న. గడ్డం పెరిగి, సగానికి సగం చిక్కి, చంకలో గుమ్మడికాయతో. సైన్యం దారులు మూసేయడంతో ఇన్నాళ్లూ ఆగి, వఫ్రా నుంచి కొంత నడిచి, కొంత గొర్రెల ట్రక్కులో దాక్కుని వచ్చాడట. నన్ను చూడనైనా లేదు. గుమ్మంలోనే నిలబడి తోరణం, ఆకులు, గవ్వలు, దీపం ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. ముఖమంతా నవ్వు. "అబ్బా, ఎంత బాగా సేసినాదిరా! గంగారాంతో సెప్పి పంపినా, పని ఖలాస్, వస్తాండా అని. అందినాదా కబురు?"

అందిందన్నాను.

ఎవరూ చెప్పకుండానే కిటికీ దగ్గరికి పోయి, గడ్డి నడుమ వదిలిన చోట గుమ్మడికాయను పెట్టాడు. సరిగ్గా పట్టింది. అప్పుడు ఇటు తిరిగి, గొంతు పెంచి లోపలి గదికి వినపడేలా అడిగాడు.

"మీ వదిన యాడరా?"

నాకు తెలిసిన మూడు భాషల్లోనూ ఆ క్షణాన నోటికొచ్చింది ఒకే ఒక్క మాట. అది మాత్రం అనలేదు. చీపురు మూలన నిలబెట్టి ఉంటే దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆయన నా ముఖం చూశాడు.

వదినా, నీ వాదమే గెలిచింది. ఫారానికీ మనిషికీ ఒకే అర్థం. ఇంత ఖచ్చితంగా, ఇంత మొండిగా, ఇంత నిష్కల్మషంగా ఒక మాటను నమ్మిన మనిషిని నేను మళ్లీ చూడబోను. నీవంటి ఇల్లాలు లేని లోటు మా వంశంలో తీరేది కాదు. నీ పాదాలకు ఈ బీకాం నమస్కారం.

యుద్ధం తప్పదంటున్నారు. బస్సులు ఇంకా ఒకటీ అరా వెళుతున్నాయి. వెళదాం పద అన్నా అంటే, "ఇల్లు ఇట్ల పెట్టుకోని యాడికి పోతాంరా" అంటున్నాడు. పొద్దున్నే లేచి ఆకుల మీద నీళ్లు ఆయనే చల్లుతున్నాడు. నేను ఆపడం లేదు. గుమ్మడికాయ అడుగున మెత్తబడుతోంది. ఇంట్లో తిండి లేదు. ఇద్దరం దాని జోలికి పోవడం లేదు.