నిన్నటి తేదీ

ముప్పై రెండేళ్లు వార్డుల్లో నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న నర్సమ్మ, ఆ ఉదయం విచారణ గదిలో కూర్చుంది. రిటైరయ్యాక వచ్చిన సొమ్ము బ్యాంకులో డిపాజిట్ వేసి, ఇక కాళ్లు చాపుకుని బతుకుదామనుకున్న మనిషి. ఏడాదిలో అది మూడో వంతుకు కరిగిపోయింది. ఫిర్యాదు నెగ్గితే పోయింది తిరిగొస్తుంది, లేదంటే మళ్లీ డ్యూటీయే గతి.

ఎదురుగా బ్యాంకు వకీలు. ఆయన పక్కన, డిపాజిట్ కోసం వెళ్లిన ఆమెకు షేర్ల పథకం అంటగట్టిన ఉద్యోగి. మండుటెండలోనూ టై విప్పడని ఆమె చెల్లెలు అతనికి టై బాబు అని పేరు పెట్టింది.

విచారణాధికారిణి కాగితం తిప్పింది. "మనుషులు తొందరలో సంతకాలు పెట్టేస్తారని తెలిసే చట్టంలో ఈ నియమం పెట్టారమ్మా. కాగితాలు ఇంటికిచ్చి పంపాలి, ఒక రాత్రి గడిచాకే సంతకం తీసుకోవాలి. కాగితాలు ముట్టింది పదకొండున, సంతకం పన్నెండున అని ఉంది. తేదీలు ఎవరు వేశారు?"

"నేనే."

"మరి ఇంట్లో చదవలేదా?"

"ఇంటికెక్కడ తీసుకెళ్లానమ్మా? రెండూ ఒకే పూట రాశాను. 'ముట్టిన చోట నిన్నటి తేదీ వెయ్యి పెద్దమ్మా, లేకపోతే ఆ మోకాళ్లతో రేపు మళ్లీ రావాలి' అన్నాడు ఈ అబ్బాయి. జాలిపడ్డాడనుకున్నాను."

టై బాబు గోడ గడియారం వంక చూశాడు.

"అది తప్పుడు తేదీ అని మీకు తోచలేదా?" అన్నాడు వకీలు.

తోచలేదు. ఊపిరి సలపని రోజున రెండు పూటల చార్టూ ఒకేసారి నింపడం వార్డులో అందరికీ అలవాటే. కాగితమంటే పనయ్యాక పూర్తిచేసేది. అది మనిషిని కాసేపు ఆపడానికి కూడా ఉంటుందని ఆమెకు ఏనాడూ తట్టలేదు. చెబితే తన మెడకే చుట్టుకుంటుందని తెలిసీ చెప్పేసింది.

"ఆసుపత్రిలో మేమూ అలాగే నింపేవాళ్లం సార్. ముందు సూది, తర్వాత రాత."

వకీలు ముఖం విప్పారింది. "విన్నారుగా మేడం! ఆవిడకిది కొత్తేం కాదు."

అధికారిణి నుదురు రుద్దుకుంది. "మీ మాట నమ్ముతున్నానమ్మా. కానీ మీ చేతిరాతే మీకు అడ్డంగా ఉంది. చట్టం మీకోసం ఒక రాత్రి ఇచ్చింది..."

"ఆ రాత్రి నాదని నాతో ఎవరన్నారు? రూలు అతనికి తెలుసు, నాకు తెలీదు. దొంగకే తాళం చెవి ఇచ్చి, ఇల్లెందుకు కాపాడుకోలేదని నన్నడుగుతున్నారు!"

మనిషి తొందర గురించి అంత తర్కించి నియమం రాసిన పెద్దలకు, మోకాలి నొప్పి గుర్తురాలేదు. ఫిర్యాదు కొట్టేశారు. టై బాబు లేచి, ఆమె కోసం మర్యాదగా తలుపు పట్టుకున్నాడు.

"పదండి పెద్దమ్మా. అప్పీలుకి వెళ్లొచ్చు, ఫారం నేనే ఇప్పిస్తాను."

"నీ సాయం చాలు నాయనా, ఇంకా చేస్తే తట్టుకోలేను."

వరండాలో చెల్లెలు ఎదురొచ్చింది. "ఏమన్నారక్కా?"

"నన్ను డ్యూటీకి రమ్మన్న ఆ క్లినిక్ డాక్టరు నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది. ఎందుకూ?"

"సోమవారం నుంచి వస్తానని చెప్పు."

"నిలబడే డ్యూటీ అది! నీవల్ల అవుతుందా?"

నర్సమ్మ మెట్ల పక్క కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగసాగింది.