డొరతీ గారి మూడు గంటలు

1984. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఒక రిహాబ్ సెంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేసేదాన్ని. జబ్బుపడ్డ చేతులకు బొత్తాలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం మళ్ళీ నేర్పడం మా పని. ఆ చలికాలమంతా కిటికీ అవతల మంచు దూదిపింజల్లా రాలుతూనే ఉండేది. లోపల మా మాటలు కూడా నిద్రలోంచి వస్తున్నట్టు మెల్లగా ఉండేవి.

డొరతీ గారికి డెబ్భై రెండేళ్ళు. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

"ముందు ఏం నేర్చుకుందాం? సంతకమా, భోజనమా?" అని అడిగాను.

"గంట కొట్టడం," అన్నారావిడ.

వాళ్ళ చర్చిలో హ్యాండ్‌బెల్ కోయిర్ ఉంది. పన్నెండు మంది, చేతుల్లో పిడి ఉన్న ఇత్తడి గంటలు. ఒక్కో గంటకి ఒకటే స్వరం. ఎవరి వంతుకి వాళ్ళు మోగిస్తేనే పాట. ఈస్టర్ పాటలో ఈవిడ గంట మోగేది మూడేసార్లు.

"మూడుసార్లకేనా ఇంత తాపత్రయం?"

"హనీ, అవి నేను కొట్టకపోతే పాటకి మూడు చిల్లులు పడతాయి."

నాకు తెనాలిలో మా అమ్మ గుర్తొచ్చింది. ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి డబ్బాలో పిడికెడు బియ్యం పోసి, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. ఈ పిడికెడు ఏ మూలకని చిన్నప్పుడు విసుక్కునేదాన్ని.

రిస్ట్ ఎక్స్‌టెన్షన్, అంటే మణికట్టు పైకి లేపడం, వారాల తరబడి చేయించాను. చర్చి నుంచి తెప్పించుకున్న గంట జారి పడుతూనే ఉంది. ఒకరోజు ఆవిడ దాన్ని తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టేశారు.

"ఇంకెవరికైనా ఇమ్మని మా చర్చివాళ్ళకి చెప్పు. దేవుడికి నా చెయ్యి అక్కర్లేదేమో."

తువ్వాలు విప్పి గంటని మళ్ళీ ఆవిడ పక్కనే పెట్టాను. "రేపు ఎడమచేత్తో చూద్దామండీ," అన్నాను.

ఈస్టర్ ఉదయం నేనూ వెళ్ళాను. రంగుటద్దాల ఎండలో అందరి ముఖాలూ నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. పాట మొదలైంది. ఎడమచేత్తో రెండుసార్లు చక్కగా మోగించారు. మూడోసారికి ఆ చెయ్యీ అలిసిపోయి లేవలేదు.

కోయిర్ నడిపే పెద్దాయన చెయ్యి గాలిలోనే ఆపేశాడు. పదకొండు మందీ గంటలు గుండెలకి ఆనించుకుని నిలబడ్డారు. ఒక్కరూ ఆవిడ వంక జాలిగా చూడలేదు. ఎంతసేపో తెలీదు. అప్పుడు, సన్నగా, మోగింది. మిగతా పాట దాని వెంట నడిచింది.

అంతకుముందు పేషెంటు ఫైలు తెరిస్తే, ఏం పోయిందో అదే ముందు రాసుకునేదాన్ని. ఆ సోమవారం నుంచి మొదట ఒక మాట అడగడం అలవాటైంది: "మీరు లేక ఎవరి పని ఆగిపోయింది?" చాలాసేపు ఆలోచించి చెప్పినవాళ్ళున్నారు. ఎవరిదీ ఆగలేదన్నవాళ్ళు ఇంతవరకూ తగల్లేదు.