చిన్నాన్న తూర్పు దారి

నిన్న మా బడికి రక్తపరీక్షలవాళ్లు వచ్చారు. ఉద్దానం బళ్లలో ఇదేమీ వింత కాదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు సూదులూ సీసాలూ పట్టుకుని రావడం మాకు అలవాటే. స్టాఫ్‌రూం బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకున్న అమ్మాయి నా పేరు అడిగి రాసుకుంది. తర్వాత తలెత్తకుండానే, "మేడమ్, మీరేనా?" అంది. ఆధార్ కార్డు మీది ఫొటోకీ నాకూ పొంతన లేక అడిగి ఉంటుంది, ఆ ఫొటోలో నన్ను కన్నతల్లయినా గుర్తుపట్టలేదు. కానీ ఆ మాటకి బల్ల మీద చాపిన చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది. పన్నెండేళ్ల కిందట ఆ ప్రశ్న అడగాల్సినదాన్ని నేను. అడగలేదు. తెలిసే అడగలేదు.

మా ఊరు వజ్రపుకొత్తూరుకీ సముద్రానికీ మధ్యన ఉంటుంది. కొబ్బరి, జీడిమామిడి, వాటి మధ్య ఇసుక. మా నాన్న, చిన్నాన్న ఒకే ఇంట్లో ఉండేవారు. నాన్న కొబ్బరితోట చూసుకునేవాడు. ఆయన ప్రపంచం తూర్పున సముద్రంతో, పడమర పలాస స్టేషన్‌తో సరి. ఒకసారి సింహాచలం వెళ్లివచ్చి, ఆ ప్రయాణం గురించి నాలుగేళ్లు చెప్పాడు. చిన్నాన్న అలా కాదు. కొబ్బరికాయల లారీలతో కలకత్తా దాకా, అక్కడి నుంచి బీహారు దాకా తిరిగినవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "లారీలో ఆడమనిసికి సోటేదమ్మీ?" అనేవాడు. ఆయనకి ఒక సిద్ధాంతం ఉండేది. "ఎల్లిన దారినే కాళీ బండితో తిరిగొచ్చీవోడు తెలివితక్కువోడు. ఒక దారిని ఎల్లాల, ఇంకో దారిని రావాల." నేను అప్పటికే టెక్కలిలో కాపురం ఉంటూ, మా ఊరికి దగ్గరి హైస్కూల్లో సోషల్ టీచరుగా చేస్తున్నాను. ఆదివారాలు పుట్టింట్లో గడిపేదాన్ని.

ఆ ఏడాది మా ఊళ్లో రక్తపరీక్షల క్యాంపు పెట్టి, పేర్లు రాయడానికి టీచర్లకి డ్యూటీ వేశారు. మా వైపు కిడ్నీ జబ్బు ఏ ఇంటి తలుపు ఎప్పుడు తడుతుందో తెలియదు. అందుకని పరీక్షంటే జనానికి జబ్బు కంటే ఎక్కువ భయం. సూది గుచ్చితేనే జబ్బు నిద్రలేస్తుందని మా నాన్న గట్టి నమ్మకం. పొద్దున్నే కత్తి పట్టుకుని తోటలోకి వెళ్లిపోయి, పిలిచినా పలకలేదు. షామియానా కింద రెండు టేబుళ్లు. చిన్నాన్న వచ్చి ఒక టేబులు దగ్గర ఎడమ చేయి ఇచ్చాడు. అరగంట తర్వాత తువ్వాలు తలకి చుట్టుకుని, నా ముందున్న లైనులో మళ్లీ నిలబడ్డాడు. నేను కళ్లెత్తితే, వంగి మెల్లగా అన్నాడు. "మీ నాన్న పేరు రాయమ్మీ. నాది బాగుంతాది. ఆ సీటీ సూత్తే మీ నాన్నకి బయం పోద్ది." యాభై దాటినా చెట్లెక్కే మనిషి ఆయన. నిజమే కదా అనిపించింది. రాశాను. కుడి చేయి చాపాడు.

వారం తర్వాత చీటీలు వచ్చాయి. రెండింటిలోనూ క్రియాటినిన్ ఉండాల్సినదానికి నాలుగింతలు ఉంది, రెండింటిలోనూ ఒకటే అంకె. నాన్న ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఒక్క రకతం కదా మరి. అంకి కూడా ఒకటే వచ్చింది," అన్నాడు. నేను నోరు తెరవబోయాను. చిన్నాన్న నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లాడు. చేద పట్టుకున్నాడు గానీ నీళ్లు తోడలేదు. "ఇప్పుడే సెప్పకమ్మీ. ఒక్కణ్నే అంటే బయమేత్తంది. రెండు వారాలు అన్నియ్యని తోడుండనీ." లారీ మీద ఒంటరిగా దేశాలు తిరిగిన మనిషి ఆ మాట అంటే నేను కాదనలేకపోయాను. రెండు వారాలే కదా అనుకున్నాను.

నాన్న ఒక రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు లేచి, నలభై ఏళ్ల చుట్ట మానేసి, తమ్ముడి పక్కన కూర్చుని, "ఎలాగూ ఎల్లిపోతాం. ఎల్లేముందు ఎక్కడికైనా ఎల్దామేటి?" అన్నాడు. చిన్నాన్న, "ఎక్కడికో ఎందుకు, మొత్తం తిరిగొచ్చీద్దాం," అన్నాడు. అలా మొదలైంది మా ప్రపంచయాత్ర. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో చాప, చాప మీద బడి నుంచి తెచ్చిన అట్లాసు, నా చేతిలో ఎర్ర పెన్సిలు. దారి చిన్నాన్న వాటా, తిండి నాన్న వాటా, సముద్రాలు నా వాటా. సిద్ధాంతం ప్రకారం తూర్పుకి వెళ్లి పడమర నుంచి రావాలి. భావనపాడు రేవులో పడవెక్కడం, రంగూను, సింగపూరు, జపాను. అక్కడి నుంచి మహాసముద్రం దాటి అమెరికా, అటు నుంచి లండను, బొంబాయి మీదుగా పలాసలో రైలు దిగడం. నాన్న జపాను వాళ్లేం తింటారని అడిగి, పచ్చి చేప అని చెబితే, రెండు సీసాల ఆవకాయా బస్తాడు బియ్యమూ సామాను జాబితాలో చేర్చాడు. నీళ్ల దగ్గర పేచీ వచ్చింది. మన నూతి నీళ్లు డబ్బాల్లో పట్టుకెళదామని నాన్న. చిన్నాన్న పకపకా నవ్వాడు. జబ్బు నీళ్ల వల్లేనేమోనని మా నూతి నీళ్లు ఎవరెవరో సీసాల్లో పట్టుకుని ఏయే పట్నాలకో పరీక్షకి తీసుకెళ్లారు. ఒక్కరూ మళ్లీ వచ్చి కబురు చెప్పలేదు. "ఆ నీల్లు మనకంటే ముందే దేశాలు తిరిగీసినాయి అన్నియ్యా. అయ్యే తిరిగి రానేదు." ముగ్గురం నవ్వాం. నవ్వాక నూతివైపు ఎవరమూ చూడలేదు.

ఒక్కటి చెప్పాలి. ఆ ఆదివారాలు మా ఇంట్లో అంతకు ముందెప్పుడూ లేనంత బాగుండేవి. అందుకే రెండు వారాలు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. చావు భయంలో ఉన్న నాన్న రోజురోజుకీ తేలికపడుతున్నాడు. ఆయన్ని తోడుంచుకున్న చిన్నాన్న రోజురోజుకీ బరువెక్కుతున్నాడు. చెట్లెక్కడం మానేశాడు. చాప మీద కూర్చోలేక కుర్చీ తెప్పించుకున్నాడు. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి కనిపించేవి. ఒకనాడు కాలి ఎముక మీద వేలితో నొక్కి, పడిన గుంటని నాకు చూపించాడు. "ఇది పూడీలోగా రంగూను ఎల్లి రావచ్చమ్మీ." గుంట చాలాసేపు అలాగే ఉంది.

ఈలోగా నాన్నకి ఎవరో కొండ దిగువ ఊళ్లో పసరు వైద్యుడి సంగతి చెప్పారు. నల్లగా, చిక్కగా, వాసనకే కళ్లు తిరిగే పసరు. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే చెరో గ్లాసు తాగేవారు. చిన్నాన్న మాత్రం క్యాంపు డాక్టరు రాసిచ్చిన మాత్రలు కూడా వేసుకునేవాడు. మూడో నెలలో నాన్న, తానే ధైర్యం తెచ్చుకుని, టెక్కలి వెళ్లి రక్తం ఇచ్చివచ్చాడు. ఆ రోజు కాళ్లు నొప్పులని చిన్నాన్న వెళ్లలేదు. చీటీలో అంకె నిక్షేపంగా ఉంది. ఉండదా మరి, ఆయనకి జబ్బే లేదు. నాన్న ఆ చీటీని జెండాలా పట్టుకుని వీధంతా తిరిగాడు. ఇంటికి వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు. "సూడు, పసరు పని సేసింది. నువ్వు ఆ డాక్టరు మాత్రలు ఆపీ. రోజుకి మూడు గ్లాసులు తాగు." చిన్నాన్న గ్లాసు అందుకుని నావైపు చూశాడు. అప్పుడు నేను చెప్పాలి. చెబితే మూడు నెలల అబద్ధం బయటపడుతుంది, అందులో రాత నాది. నేను చూస్తుండగానే ఆయన గటగటా తాగేశాడు.

రెండు ఆదివారాలు అలా గడిచాయి. మూడో ఆదివారం నేను వెళ్లేసరికి చిన్నాన్న కుర్చీలో ముందుకి వంగి, నోటితో గాలి పీలుస్తున్నాడు. అట్లాసు ఒళ్లో ఉంది. నాన్న గ్లాసు నింపి తెస్తున్నాడు. "నాన్నా, క్యాంపులో చీటీ నీది కాదు. రెండుసార్లూ చిన్నాన్న రక్తమే. నేనే రాశాను," అన్నాను. నాన్న గ్లాసు కింద పెట్టాడు. నన్ను చూడలేదు. తమ్ముణ్ని చూశాడు. "నిజమేనేటి?" చిన్నాన్న తలదించుకుని అన్నాడు. "నాది బాగుంతాదనుకున్నాను అన్నియ్యా. బాగోనేదు. తరవాత ఒక్కణ్నే ఎల్లడానికి బయమేసింది." నాన్న కొడతాడనుకున్నాను. "మూడు నెల్లు నన్ను సంపీసినావు కదరా," అన్నాడు. అంటూనే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "లెగు. పలాస ఎల్దాం." ఆటోలో దారి పొడవునా తమ్ముడి తల తన భుజానికి ఆనించుకునే కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు కాగితాలు తిప్పి, ముందే తెచ్చి ఉంటే కొన్నాళ్లు మిషను లేకుండా గడిచేదేమో అన్నాడు. ఆ 'ఏమో' ఈ రోజుకీ నా దగ్గరే ఉంది.

అప్పటి నుంచి రోజు విడిచి రోజు డయాలసిస్. నాన్న వెంట వెళ్లేవాడు, సంచిలో అట్లాసు కూడా వెళ్లేది. యాత్ర మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఏ మజిలీ కూడా రెండు రోజులకి మించకూడదు, దిగిన ప్రతి ఊళ్లోనూ మిషను ఉండాలి. రంగూను, సింగపూరు, ఇలా గెంతుకుంటూ ఎలాగో జపాను చేరుకున్నాం. అక్కడ ఆగిపోయాం. ముందంతా నీళ్లే. ఆయనకి రోజంతటికీ కలిపి రెండు గ్లాసుల నీళ్లే తాగమన్నారు. నాన్న కొలిచి ఇచ్చేవాడు, ఎండలు ముదిరాక ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేవాడు. చిన్నాన్న ఆ నీలి పేజీ మీద అరచేయి ఆనించి, "ఇన్ని నీల్లు," అన్నాడు. కాసేపటికి వేలితో వెతుకుతూ, నీళ్ల మధ్య పైనుంచి కిందికి గీసిన వంకర గీతని చూపించి అదేమిటని అడిగాడు. దినరేఖ అని చెప్పాను. తూర్పుకి పోతూ దాన్ని దాటితే, గడిచిపోయిన రోజే మళ్లీ వస్తుందని, పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. ఆయన నమ్మలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నాన్నవైపు కాకుండా నావైపు తిరిగి అన్నాడు.

"అయితే నాకు కేంపు రోజు ఇయ్యమనమ్మీ. ఈపాలి లైన్లో ఒక్కసారే నిలబడతాను."

వానలు మొదలైన నెలలో ఆయన పోయాడు. ఎర్ర గీత జపాను దగ్గరే ఉంది. నాన్న ఇంకా ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, చుట్ట మళ్లీ మొదలుపెట్టాడు. నన్ను ఏ రోజూ ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "మేడమ్, మీరేనా?" "నేనేనమ్మా," అన్నాను. చేయి చాపాను. చీటీ వారంలో వస్తుందట. సూది తీశాక దూది నొక్కుకుంటూనే తొమ్మిదో తరగతికి వెళ్లాను. పాఠం అక్షాంశాలు, రేఖాంశాలు, దినరేఖ. తూర్పుకి పోతూ దాటితే అదే రోజు మళ్లీ వస్తుందని బోర్డు మీద గీత గీసి చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. ఏ రోజు మళ్లీ రావాలో మనం కోరుకోవచ్చా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఆ గీతని ప్రతి ఏడాదీ ఎవరూ చేయెత్తకముందే నేనే తుడిచేస్తాను.