హైబ్రిడ్ కారు ప్లగ్గులకు నేను చేసిన వైద్యం

అక్క కూతురి నిశ్చితార్థంలో నూరుమందిని గంటన్నర ఆకలితో కూర్చోబెట్టిన మేనమామను నేనే. ఆ భాగోతం చెప్పే ఓపిక కూడా లేదు. అయినా చెబుతాను, మీరైనా బాగుపడండి.

తమిళనాట కోవిల్‌పట్టిలో మా మెకానిక్ నా హైబ్రిడ్ కారు చూసి, స్పార్క్ ప్లగ్గులు మార్చాలన్నాడు. ఇరీడియం మొనలవి తెప్పిస్తాను, రెండు రోజులు ఆగమన్నాడు. నాకు నవ్వొచ్చింది. నల్లరేగడి చేలకు మోపెడ్ మీద తిరిగినవాణ్ణి. మావాళ్ళలో ప్లగ్గు కొనడమంటే చేతగానితనం. విప్పాలి, గరుకు ఉప్పుకాగితంతో రుద్దాలి, బిగించాలి. నాలుగింటినీ అలాగే తోమాను. వాటి మొనలు సూదుల్లా ఉంటే, అదీ గట్టిపడ్డ మసే అనుకొని ఇంకా గట్టిగా తోమాను.

మర్నాడు శుక్రవారం, విరుదునగర్‌లో నిశ్చితార్థం. మేనమామ మాల వేశాకే పిల్ల పీట మీద కూర్చోవాలి, అదీ పదిన్నరకు రాహుకాలం రాకముందే. భార్యనీ మాలనీ ఎక్కించుకొని బటన్ నొక్కాను. కారు పిల్లిలా కదిలింది.

"చూస్తివా, సద్దే లేదు" అన్నాను.

"ఇంజనే పలకలేదు గదా" అంది ఆమె.

నెమ్మదిగా పోయినంతసేపూ అది బ్యాటరీతోనే నడుస్తుందని నాకు తెలుసు. కానీ మెప్పు కోసం కాచుకున్నవాడికి తెలిసిన సంగతులు గుర్తుకు రావు.

పెద్ద రోడ్డెక్కి వేగం పెంచగానే ఇంజన్ లేచింది. కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. సాత్తూరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. మెకానిక్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"అన్నా," అన్నాడు తమిళంలో, "నువ్వు తోమేసింది మసిని కాదు, ప్లగ్గునే."

బస్సు పట్టుకొని చేరేసరికి రాహుకాలం మొదలైంది. బావగారి తమ్ముడి చేత మాల వేయిద్దామని పెద్దలు అప్పటికే అడిగారట. పిల్ల ఒప్పుకోలేదట. దాంతో ఇక అందరూ కూర్చున్నారు. లోపలి నుంచి సాంబారు వాసన వస్తోంది, ఆకులు మాత్రం పరవడం లేదు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెళ్ళికొడుకు తాత ఒక్కడే, మా ఆవిడ చెప్పిన కథంతా విని, దగ్గరికి వచ్చి, ఉప్పుకాగితం ఏ నంబరుదని అడిగాడు.

రాహుకాలం పోయాక మాల వేశాను. వేశాక కూడా దాన్ని సర్దుతూనే ఉన్నాను. సిగ్గుతోనే కాదు, ఆ పిల్ల నాకోసం అంతసేపు నిలబడిందని.

ఆమె తల వంచి, నాకు మాత్రమే వినబడేలా అంది: "నువు రాకుంటే ఈ పీట ఎక్కేదాన్నే కాదు మామా. పెండ్లికి మాత్రము ముందునాడే రా, బస్సులో."

అందుచేత ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కారు బానెట్టూ ఎత్తను. అద్దం తుడిచే నీళ్ళు పోయాలన్నా మెకానిక్‌నే పిలుస్తాను, అతను పోసేటప్పుడు పది అడుగుల దూరంలో చేతులు కట్టుకొని నిలబడతాను.