గోదారికి అటూ ఇటూ ఒకే ఊరు

రెండువేల దశకం మొదట్లో నేను రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెబుతూ, గోదావరి కోసుకుపోయిన లంకల్లోని, అంటే ఏటి మధ్య దిబ్బల మీది, ఊళ్ళ గురించి పరిశోధన చేస్తుండేదాన్ని. జాగ్రఫీ చెప్పే సహోద్యోగి ఒకాయన పాత సర్వే పటాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరచడం నేర్పారు. కాలవ లాకుల్ని గుర్తులుగా పెట్టుకుని రెండింటినీ సరిచేశాం. పటంలో ఊరున్న చోట తెరమీద ఒట్టి నీళ్ళున్నాయి.

ఆ ఊరివాళ్ళు ఎదురుగా తూర్పుగట్టు మీద ఇళ్ళు కట్టుకున్నారని తెలిసి వెళ్ళాను. కొత్తకోడలిగా లంకలో కాపురం చేసిన ఒక మామ్మగారు అప్పట్లో ఎవరిల్లు ఎక్కడుండేదో ఓపిగ్గా చెప్పారు. జీపీఎస్ పట్టుకుని ఇప్పటి వీధులన్నీ తిరిగాను. కాలేజీకొచ్చి ఒక్కో కుటుంబానికీ ఒక్కో రంగు వేసి చూస్తే, మధ్యలో ఏటిపాయ, అటొక ఊరు, ఇటొక ఊరు. అద్దంలో నీడలా, ఒకటి రెండోదానికి తిరగబడి ఉంది.

స్కానింగులో పటాన్ని తిప్పేసి ఉంటామన్నారు సహోద్యోగి. నాకూ అదే అనుమానం. మళ్ళీ మొదట్నుంచీ చేశాం. మళ్ళీ అలాగే వచ్చింది.

ఇక ఉండబట్టలేక మామ్మగారి దగ్గరికి పరిగెత్తాను. లంకలో గుమ్మం దిగితే చర్చి ఏ పక్కనుండేదని అడిగాను. ఆవిడ ఎడంచెయ్యి ఎత్తారు. ఎత్తిన చేతిని చూసుకుని, కుడిపక్కనున్న ఇప్పటి చర్చివైపు చూశారు.

"నిద్రమత్తులో గుమ్మం దిగితే ఇప్పటికీ ఎడంపక్కకే వెళ్తానమ్మా," అన్నారు మెల్లిగా. "ముసలితనం వల్ల అనుకుంటున్నాను."

అరుగు మీదున్న ఆవిడ మరిదిగారు కాసేపు ఆలోచించి, సంగతి తేల్చారు. ఎగువ వీధివాళ్ళు ఇక్కడా ఎగువనే కట్టుకున్నారట, దిగువ వీధివాళ్ళు దిగువనే. గుమ్మాలు మాత్రం అందరూ గోదారివైపే పెట్టుకున్నారట. లంకలో గోదారి తూర్పున ఉండేది, ఇక్కడ పడమట ఉంది. అందుకని కుడి ఎడమలు మారిపోయాయి. ఇలా కట్టుకుందామని ఎవరూ అనుకున్నది కాదని, నేనడిగేదాకా తమకీ తోచలేదని ఆయన నవ్వారు. మామ్మగారు నవ్వలేదు. వాకిట్లోకి దిగి, రెండు వైపులా తిరిగి చూసుకుంటూ నిలబడ్డారు.

ఆ పటం నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమైంది. మరుసటేడు, వరదకి లంక వదిలి గట్టెక్కిన ఇంకో ఊరికి, అదీ అలాగే తిరగబడి ఉంటుందన్న ఆశతో వెళ్ళాను. అక్కడ ఒక్క గుమ్మం కూడా ఏటివైపు లేదు. అన్నీ రోడ్డువైపే. ఎందుకని ఒక టీచరుగారిని అడిగాను. ఆవిడ అక్కడే పుట్టి పెరిగిన మనిషి.

"మా అమ్మావాళ్ళకి మళ్ళీ గోదారి మొహం చూడాలనిపించలేదండి," అన్నారావిడ.

అప్పటిదాకా నా పటంలో ఇళ్ళకి ఒట్టి చుక్కలే ఉండేవి. ఆ వారం కూర్చుని, ఒక్కో చుక్కకీ గుమ్మం ఎటుందో చూపించే చిన్న గీత గియ్యడం మొదలుపెట్టాను.