తాతయ్య చెప్పగా కొట్టిన ఉత్తరం

మా తాతయ్య రాసిన అర్జీ చదివితే బండరాయి కూడా లేచొచ్చి సంతకం పెడుతుంది. నమ్మకపోతే మీ ఇష్టం. నలభై ఏళ్లుగా ఆఫీసు గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని ఊరందరి గోడూ కాగితం మీదకు దించిన మనిషి. వచ్చినవాళ్లు ఏడుస్తారు, తిట్టిపోస్తారు, మాట పెగలక నీళ్లు నములుతారు. తాతయ్య వాళ్లను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి "ఊఁ, తర్వాత?" అంటాడు. అంతే, కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది.

నాన్నమ్మ పోయి ఇరవై రోజులైంది. దూరాన ఉన్న మా అత్త చివరి చూపుకు అందలేదు. "అమ్మ ఎలా పోయిందో రాయి నాన్నా. ఫోనులో చెప్పకు, వినలేను. కాగితమైతే మెల్లగా చదువుకుంటాను" అంది.

తాతయ్య రోజూ మిషను ముందు కూర్చుంటున్నాడు. ఏడవడు, విసుక్కోడు, పెట్టింది తింటాడు. నిన్నటికి రెండు వరుసలు తేలాయి.

"విషయము: తమ తల్లిగారి మరణము. పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా..."

"తాతా, ఇది అత్తకా, పై అధికారికా?"

"చేతికి అదే వస్తోందే."

ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. ఎక్కడి ధైర్యమో మరి, ఆయన్ని లేపి స్టూలు మీద కూర్చోబెట్టి కుర్చీ నేనెక్కాను.

"చెప్పండి పెద్దాయనా, ఏం పని మీద వచ్చారు?"

"వేషాలా?"

"త్వరగా కానివ్వండి, మీ వెనక చాలామంది ఉన్నారు."

నవ్వలేదు. గోడ వంక చూస్తూ మొదలుపెట్టాడు.

"పొద్దున్నే పాలు కాచింది. పొయ్యి కట్టేసి, కాస్త కూర్చుంటానంది."

"ఊఁ, తర్వాత?"

"నేను పేపరు చదువుతున్నాను. ఏదో అడిగింది. 'ఆగవే, ఈ ముక్క అవనీ' అన్నాను. అయ్యాక తలెత్తి చూస్తే ప్రాణం లేదు."

"ఏమడిగింది?"

"వినలేదు."

మిషను మీద నా వేలు ఆగిపోయింది.

"ఇదీ కొట్టనా?"

"కొట్టు."

ఒంటివేలితో అక్షరం అక్షరం పొడిచాను. తప్పులు బోలెడు. దిద్దుతాడేమోనని చూశాను. చేతులు మోకాళ్ల మీద నుంచి కదల్లేదు.

"అప్పుడు నీకేమనిపించింది తాతా? అత్త అడక్కుండా ఉండదు."

"ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ లేదు. అదే కొట్టు, నీ పైత్యం కలపకు."