రాయమల్లు కర్ర

మా క్వార్టర్ల లైనులో రాయమల్లుతో మాట్లాడాలంటే ముందు ఊపిరి గట్టిగా పీల్చుకోవాలి. వీధి చివరి ఇంటివాళ్లకు కూడా మన సంగతి తెలిసిపోతుంది, అతనికి మాత్రం సగమే తెలుస్తుంది. చెవి మిషను ఉంది, అది ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. పెట్టుకోవయ్యా అంటే, ఫ్యాను మోత తప్ప ఏమీ వినపడదని విసుక్కుంటాడు.

ఈ మనిషి చెవులే ఒకప్పుడు బాయిలో పదిమందిని కాపాడాయంటే కొత్తవాళ్లు నమ్మరు. బాయి అంటే మా గోదావరిఖనిలో బొగ్గు గని. లోపల బొగ్గు తీసిన చోట నెత్తిమీద మిగిలేది రాతి కప్పు. పని మొదలుపెట్టే ముందు దాన్ని కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల విడిపోయినట్టు, దాని కింద ఎవరూ నిలబడకూడదు. రాయమల్లు ముప్పై ఏళ్లు ఆ పని చేశాడు. ఒకసారి అతను వద్దన్న చోటే అరగంటకు బండ కూలింది. ఈ సంగతి అతను చెప్పుకోడు, నేనే దొరికినవాళ్లందరికీ చెప్తుంటాను.

డ్రిల్లు మోతల్లో, బ్లాస్టింగ్ మోతల్లో ఆ చెవులు పోయాయి. రిటైర్మెంటుకు మూడేళ్లుండగా మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. నేను అప్పుడు ఆఫీసులో క్లర్కును, ఆ కాగితం టైపు చేసింది నేనే. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అందుకే మా దగ్గర ఆ కాగితం చేతికి రాగానే మిఠాయి పంచుతారు. రాయమల్లూ పంచాడు.

అలా అతని కొడుకు కిషన్‌కు ఇరవై మూడేళ్లకే బాయిలో డ్యూటీ దొరికింది. తాగడు, పేకాడడు. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, తిని, ఫోను పట్టుకుని మంచమెక్కేవాడు. తుపాకుల ఆట. నలుగురు దోస్తులు ఒక జట్టు, అందులో మా తమ్ముడి కొడుకు తీతు కూడా ఉన్నాడు, వాడిదీ బాయిలోనే పని. ఆరేడు గంటలు ఆడినా రాయమల్లు ఒక్క మాట అనలేదు.

"బయట తిరిగి ఖరాబైతున్నోళ్లను సూస్తలేవా ఎలీషన్నా? నా కొడుకు ఇంట్లనే కండ్ల ముంగట ఉంటడు" అని నా దగ్గర గొప్ప చెప్పుకునేవాడు. నేనూ తలూపాను. పొద్దున లేవగానే ఫోన్లో లూడో ఆడేవాణ్ని, నేనేం చెప్తాను.

ఆ ఆట మోత పడనిది రాయమల్లు భార్య జమునకే. "తుపాకులు నా నెత్తి మీదనే పేలుతున్నయి. నీకేంది, నీకు ఇనవడది" అని మొగుణ్ని సాధించేది. పోరు పడలేక రాయమల్లు లక్ష్మీనగర్ బజారుకు వెళ్లి, చెవులను పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు. ఇల్లు చల్లబడింది. కొడుకు చెవుల్లోకి ఎంత మోత పోతోందో కనిపెట్టగలిగిన మనిషి మాత్రం ఆ ఇంట్లో లేకుండా పోయాడు.

"ఎనిమీ అడుగుల చప్పుడు వినవడాలంటే సౌండు ఫుల్లు వెట్టాలె, పెద్దబాపూ" అని కిషన్ ఒకసారి నాకు వివరించాడు. తండ్రి విద్యే కొడుక్కి ఇంకో రకంగా వచ్చిందని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

రెండేళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో ఒకరోజు తీతు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పెద్దనాయినా, కప్పు పటపటమన్నది. అందరం ఉరికినం. కిషన్‌గాడు గక్కడ్నే నిలవడి టిఫిన్ మూత తీస్తున్నడు. పిలిస్తే తిరిగి సూడలే. మల్ల వెనుకకు పోయి కాలర్ వట్టి గుంజిన, అంతల్నే బండ వడ్డది. ఇనవడలేదారా అంటే, ఏంది అన్నడు."

ఇది రాయమల్లుకు చెప్పకుండా ఎలా ఉండను? అరిస్తే వీధంతా వింటుంది. కాగితం మీద రాసిచ్చాను. రెండుసార్లు చదివాడు. "రేపు పొద్దుగాల ఇంటికి రా అన్నా. నీ చెవులతోని పనున్నది" అన్నాడు.

వాళ్ల క్వార్టర్ వెనుక గదిలో గోడకు ఒకచోట ప్లాస్టరు ఉబ్బి ఉంది. రాయమల్లు కొడుకును అటు తిరిగి నిలబడమని, తన పాత కర్రతో వరస లేకుండా మంచిచోట కొన్ని, ఉబ్బినచోట కొన్ని దెబ్బలు కొట్టాడు. ఏది డొల్లో కిషన్ చెప్పాలి. ఆ తేడా మామూలు చెవికి తెలుస్తోందా లేదా అన్నది నేను చెప్పాలి. ఏనాడూ బాయి దిగని నాకే తేడా శుభ్రంగా తెలిసింది. పది దెబ్బల్లో కిషన్ ఆరు తప్పాడు. రాయమల్లు నావైపు చూశాడు. నాకు తెలుస్తోందని చెవి చూపించి తలూపాను.

ముగ్గురం కరీంనగర్ వెళ్తే, అక్కడి చెవుల డాక్టరమ్మ కిషన్‌కు పరీక్ష చేసింది. డ్రిల్లు దగ్గర పనా అని అడిగింది. కాదు, సామాను మోసే పని అన్నాడు కిషన్. మరి ఆట ఎన్ని గంటలని అడిగి, జవాబు విని పెన్ను కింద పెట్టింది. లోపలి నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని, ఇలాగే ఆడితే మిగిలిందీ పోతుందని చెప్పింది.

"అందరాడుతున్నరు గద మేడం" అన్నాడు కిషన్.

అదీ నిజమే. తీతు అదే ఆట ఫోన్ స్పీకరుతో ఆడాడు, వాడి చెవులకేమీ కాలేదు. ఆట మంచిదా చెడ్డదా అంటే నేను చెప్పలేను. తిరుగు బస్సు పెద్దపల్లి దాటింది. "నేనే కొనిచ్చిన గదన్నా" అన్నాడు రాయమల్లు. మెల్లగా అన్నాననుకున్నాడు. బస్సంతా తిరిగి చూసింది.

ఆఫీసుకు చెబితే కిషన్ బోర్డు ముందుకు పోవాలి. బోర్డు బాయి దిగనక్కర్లేని పని ఇమ్మంటుందో, ఇంటికే పొమ్మంటుందో ఎవరం చెప్పలేం. తండ్రి వదులుకున్న ఉద్యోగం ఆ ఇంటికి రెండోసారి రాదు. చెప్పకపోతే రోజూ బండ కిందికే పోవాలి. "బాపూ, చెప్పకు. నేను పైలంగ సూస్కుంట" అన్నాడు కిషన్. "నువ్వు ఆఫీసుల చేసినవ్ గదన్నా, ఏదన్న తొవ్వ చెప్పు" అని జమున నన్నడిగింది. నలభై ఏళ్లు కాగితాలు టైపు చేసిన నా దగ్గర ఒక్క దారీ లేదు.

ఆఫీసుకు ఎవరం చెప్పలేదు. కిషన్ తొమ్మిది రోజులు ఆట మానేశాడు. పదో రోజు మళ్లీ మొదలు. రాయమల్లు హెడ్‌ఫోన్‌ను రాయితో పగలగొట్టాడు. వారంలో ఇంకొకటి వచ్చింది. సౌండు తక్కువే పెట్టుకుంటున్నానంటాడు కిషన్. ఆ తక్కువ ఎంతో వాడికీ తెలియదు, తండ్రికీ తెలియదు.

రాయమల్లుకు మిగిలింది ఒక్కటే. పాతకాలం పనివాళ్లు ఒక చెయ్యి కప్పుకు ఆనించి, రెండో చేత్తో కర్రతో కొట్టేవారు. విడిపోయిన బండైతే వేళ్లకు అదురు తెలుస్తుంది. "చెవులు పోయినంక నేను వేళ్లతోనే బతికిన" అని కొడుక్కి అదే నేర్పుతున్నాడు. రోజూ ఫస్ట్ షిఫ్టుకు ముందు కిషన్ ఇంట్లో సిమెంటు సజ్జ కింది వైపు అరచెయ్యి ఆనించి నిలబడతాడు. వెనుక నుంచి తండ్రి కర్రతో సజ్జను కొడతాడు. తెలిసిందా అంటే కిషన్ తలూపుతాడు.

నిన్న పొద్దున నేను అక్కడే ఉన్నాను. రాయమల్లు కర్ర ఎత్తాడు. కొట్టలేదు. సజ్జకు బెత్తెడు దూరంలో ఆపి, "తెలిసిందారా?" అని అడిగాడు.

కిషన్ గోడ గడియారం వైపు చూస్తూ తలూపాడు.

రాయమల్లు కర్ర దించాడు. తర్వాత దాన్ని గోడకు ఆనించి, టిఫిన్ డబ్బా తెచ్చి కొడుకు చేతికిచ్చాడు. "జల్ది పో, టైం అయితుంది" అన్నాడు.